మామ పడవ – రెండు డబ్బాల జిగురు

వేసవి సెలవుల్లో మా మామ ఫైబరు పడవ అడుగు పగిలింది. మాది గోదారి ఒడ్డు. సంతకైనా ఆసుపత్రికైనా ఆ పడవే దిక్కు. అతికించడానికి మామ ఎపాక్సీ అనే జిగురు తెచ్చాడు. దాని సంగతి రాస్తున్నాను.

ఇది రెండు డబ్బాల్లో వస్తుంది. రెసిన్ తేనెలాగ చిక్కగా ఉంటుంది, రెండోది హార్డెనర్. కలిపితే రెండిటి అణువులూ వలలాగ అల్లుకుని, వేడి పుట్టి, గట్టిపడతాయి. మామ ఇదివరకు కాకినాడలో పడవల పనికి వెళ్లాడు. అక్కడి పాలిస్టర్ జిగురులో గట్టిపడే మందు కొంచెం ఎక్కువేస్తే తొందరగా గట్టిపడేదంట. ఇదీ అంతే అనుకుని హార్డెనర్ ఎక్కువ పోసేశాడు. మర్నాడు చూస్తే ఇంకా చేతికి అంటుకుంటోంది! అంతా గీకి పారేశాం.

అప్పుడు డబ్బా మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. మా ఇంట్లో చదవొచ్చింది నాకొక్కదానికే. ముందే చదవమని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. 100 పాళ్ల రెసిన్‌కి 10 పాళ్ల హార్డెనర్, తూకంలో. ఇంకో రకానికి ఇంకో లెక్క ఉంటుంది. కాటా మీద 300 గ్రాములకి 30 గ్రాములు తూచాం. లోతు మగ్గులో ఉంచితే వేడి బయటికి పోక పొగలొస్తుంది, అందుకని వెడల్పు పళ్లెంలో పోసి, ఎండెక్కక ముందే పని మొదలెట్టాం.

పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చాం. రుద్దేటప్పుడు గాజు దుమ్ము లేస్తుంది, మాస్కు ఉండాలి. తర్వాత గాజుగుడ్డ పరిచి బ్రష్షుతో జిగురు అద్దాలి. తెల్లగుడ్డ అద్దంలా కనబడితే జిగురు పట్టినట్టు. బుడగలుంటే రోలరుతో నొక్కి తీసెయ్యాలి. జిగురు ఎక్కువైతే బలం అనుకోకండి. బలమంతా గాజుగుడ్డది, జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే.

ఇంతకీ అద్దింది మామ కాదు, బావ. మొదటి రోజు మామ ఒట్టి చేతులతో చేసి, థిన్నరుతో కడుక్కున్నాడు. థిన్నరు ఆ జిగురుని చర్మం లోపలికి పంపుతుందంట. సబ్బుతోనే కడగాలి. రెండ్రోజులకి చేతులంతా పొక్కులు, దురద. ఒంటికి ఒకసారి పడకపోతే ఇక ఎప్పుడు కొంచెం తగిలినా మళ్లీ వస్తుందని డాక్టరు గారు చెప్పారు. ఎన్నో పడవలు చేసిన మామ ఇక ఈ జిగురు ముట్టకూడదు.

బావ చేతులకి నైట్రైల్ తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని అద్దాడు. మామ గాలివాటుకి దూరంగా కూచుని "అక్కడ తెల్లగుంది చూడరా" అని చెప్పాడు. నన్ను ముట్టనివ్వలేదు. కాటా దగ్గర లెక్క చూడటమే నా పని.