గిటారు బ్రిడ్జి: కదలునదా, కదలనిదా?

ముత్తంగిలో హెవీ మెటల్ సంగీతముకోసం విద్యుత్ గిటారు కొనదలచిన విద్యార్థి మొదట బ్రిడ్జిని చూడవలెను. కొన్న పిదప దానిని మార్చుట తేలిక కాదు. తీగల కింది కొనలను పట్టియుంచు ఈ భాగము కొన్నింటిలో చెక్కకు బిగించి ఉండును; కొన్నింటిలో మీటతో ఊగును. 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వలన ఊగునది ప్రసిద్ధి పొందినది. దీనిని ట్రెమలో అందురు. నిజానికి ట్రెమలో అనగా నాదతీవ్రత మారుట. ఈ మీట మార్చునది శ్రుతిని. పేరే పొరపాటు!

ఊగు బ్రిడ్జిని ఒకవైపు ఆరు తీగలు, మరొకవైపు స్ప్రింగులు లాగుచుండును. రెండు బలములు సమానమైననే అది నిలుచును. హెవీ మెటల్ వాయించువారు తరచు లావుతీగ శ్రుతిని సెకనుకు 82.4 కంపనముల నుండి 73.4కు దించుదురు. కంపనముల సంఖ్య తన్యత యొక్క వర్గమూలమును అనుసరించును గనుక ఆ తీగ బిగువు సుమారు అయిదవ వంతు తగ్గవలెను. అప్పుడు స్ప్రింగులది పైచేయి అగును. బ్రిడ్జి వెనుకకు వాలి, తక్కిన అయిదు తీగలు బిగిసి, వాటి శ్రుతి పెరుగును. బిగించిన బ్రిడ్జికి ఈ బాధ లేదు.

మీట లేనిదే స్వరము వంగదా? పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ అయిదు తీగల విద్యుత్ మాండలిన్‌పై వ్రేళ్లతోనే గమకములు పలికించినారు. పాటపాటకు శ్రుతి మార్చువారికి బిగించిన బ్రిడ్జియే మేలు. స్వరమును ఒక్కసారిగా పాతాళమునకు దించు విన్యాసము కోరువారు మాత్రము ఊగుదానిని కొనవచ్చును. అయితే మందము మారిన తీగలు వేసినపుడెల్ల స్ప్రింగులను కూడ సరిచేసుకొనవలసియుండును.