తలుపు మూసుకుంటే తాగుడు పోదు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా వీధిలో ఒక ఇల్లాలు ఉంది. దీపాలు పెట్టే వేళైతే చాలు, ఆమె ప్రాణమంతా గేటు చప్పుడు మీదే ఉంటుంది. ఒకనాడు నాతో, "ఏం చెప్పేదక్కా! జ్వరమని ఆఫీసుకు ఫోను చేసేది నేనే, అప్పులోళ్ళకు ఇంట్లో లేడని చెప్పేది నేనే, వాంతి కడిగేదీ నేనే. నలుగురికి తెలిస్తే మానం పోతాదని పన్నెండేండ్లుగా నోరు మూసుకోని ఉండా" అనింది.

ఇది ఆమె ఒక్కతె కథేనా? మనలో ఎందరి ఇళ్ళలో లేదు! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ, ఆమె తోటి ఆడవాళ్ళూ సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయిందనుకోండి. అంగడి ముందు అంత గట్టిగా నిలబడ్డ మనం, మన ఇంటి తాగుడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలుపులు మూసుకుంటాం.

తాగుడు చెడ్డ అలవాటే కాదు, ముదిరితే అది జబ్బు అని వైద్యులు చెబుతున్నారు. జబ్బుకు ఒట్లు పెట్టిస్తే సరిపోతుందా? 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారీ, బాబ్ స్మిత్ అనే డాక్టరూ కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చెడినవాళ్ళే. ఒకరి గోడు ఒకరు చెప్పుకుంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించారు. అలా పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏ.ఏ. అంటారు. మన దేశంలో ఇది 1957లో ఢిల్లీలో మొదలైంది.

ఇందులో చేరడానికి ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. గంట, గంటన్నరసేపు కూర్చుంటారు. సొంత పేరు చెబితే చాలు, ఇంటిపేరూ ఉద్యోగమూ ఎవరూ అడగరు. ఒక్కొక్కరు తమ అనుభవం చెబుతారు, తక్కినవాళ్ళు వింటారు. మాట్లాడాలని బలవంతం లేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. ఖర్చులకు ఒక సంచీ తిప్పుతారు, కొత్తవాళ్ళు వెయ్యనక్కర్లేదు. సమావేశం చర్చి గదిలో జరిగినా అది మతసంస్థ కాదు. హిందువులూ, ముస్లిములూ, క్రైస్తవులూ ఎవరైనా వెళ్ళవచ్చు.

"ఆయన రానంటే?" అని మీరడుగుతారు. అప్పుడు మీరు వెళ్ళండి! బిల్ గారి భార్య లోయిస్ 1951లో కుటుంబసభ్యుల కోసం అలనాన్ అనే సంఘం ప్రారంభించింది. ఆయన తాగుడుకు మీరు కారణం కాదనీ, దాన్ని మాన్పించడం మీ చేతిలో లేదనీ, మీ మనస్సు మాత్రం మీరు నిలబెట్టుకోవచ్చుననీ అక్కడ తెలుస్తుంది. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో ఆయన పేరిట చికిత్సాకేంద్రం స్థాపించారు. అక్కడ రోగితోపాటు ఇంటివాళ్ళకూ చికిత్సలో భాగం ఉంటుంది.

మరి ఎక్కడ వెతకాలి? కర్నూలు సర్వజన వైద్యశాలలోనూ, కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ముందు అక్కడ అడగండి. 14446కు ఫోను చేస్తే మాదకద్రవ్యాలూ తాగుడూ మాన్పించే కేంద్రాల వివరాలు చెబుతారు. 14416 నంబరులో తెలుగులో మాట్లాడే సలహాదారులుంటారు. ఈ రెంటికీ డబ్బు పడదు. ఏ.ఏ. వాళ్ళతో మాట్లాడినప్పుడు మూడు సంగతులు అడగండి: ఏ రోజు, ఏ వేళ? తెలుగులో జరుగుతుందా? ఇంటివాళ్ళు కూడా రావచ్చునా? కొన్ని సమావేశాలు తాగుడు మానదలచిన వారికే, కొన్ని అందరికీ. దగ్గరలో లేకుంటే సెల్‌ఫోనులో జరిగే సమావేశాలూ ఉన్నాయి.

ఇక మూడు జాగ్రత్తలు. ఏండ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, ఫిట్సు, మతిభ్రమణం రావచ్చు. ప్రాణానికే ముప్పు. డాక్టరు సలహాతోనే మానాలి. రెండోది, తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడిని చారులో కలిపి చాటుగా పెట్టకండి. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందు ఉండి, పైన తాగితే గుండెకే ప్రమాదం. మూడోది, చెయ్యి చేసుకునే మనిషైతే సమావేశం దాకా ఆగవద్దు. 181కి గానీ 112కి గానీ ఫోను చెయ్యండి.

మా వీధి ఇల్లాలు ఇప్పుడు వారం వారం సెల్‌ఫోను పెట్టుకుని తనలాంటి వాళ్ళతో మాట్లాడుతోంది. ఆయన ఇంకా మానలేదు. కానీ ఈమె ఆఫీసుకు అబద్ధం ఫోను చెయ్యడం మానేసింది. పోయిన నెల ఆయనే మొదటిసారి, "ఆ సమావేశం ఎక్కడ?" అని అడిగినాడట. పన్నెండేండ్ల కన్నీళ్ళు చెయ్యలేని పని అది.