అకారణ భయం – అడ్రినల్ గ్రంథులు

త్రాచుపాము ఎదురైతే గుండె దడదడ కొట్టుకొనడం, ఒళ్ళంతా చెమట పట్టడం సహజమే. కాని ఏ పామూ లేకుండానే, తీరికగా కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతున్నదన్న భయం కలగడం కూడా ఉన్నది. కొద్ది నిమిషాలలో తారస్థాయికి చేరి, క్రమంగా సడలే ఈ స్థితినే 'పానిక్ అటాక్' అంటారు. ఇది అనుకోకుండా పదే పదే వస్తూ, మళ్ళీ ఎప్పుడు వస్తుందోనన్న దిగులు మనిషిని వెంటాడితే అది 'పానిక్ డిజార్డర్' అనే వ్యాధి.

ఆపద వేళ శరీరం రెండు మార్గాలలో సన్నద్ధమవుతుంది. మొదటిది నాడుల మార్గం. మెదడు ఆజ్ఞ క్షణాలలో గుండెకూ, మూత్రపిండాలపై టోపీలవలె అమరి ఉన్న అడ్రినల్ గ్రంథుల లోపలి భాగానికీ చేరుతుంది; అక్కడినుండి అడ్రినలిన్ వెలువడుతుంది. రెండవది రక్త మార్గం. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపిస్తుంది. పిట్యూటరీ విడిచే హార్మోను రక్తంలో ప్రయాణించి, అడ్రినల్ గ్రంథుల పైపొరచేత కార్టిసాల్‌ను స్రవింపజేస్తుంది. దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది.

ప్రాణభయంలో కార్టిసాల్ బాగా పెరగాలి గదా! కాని అటాక్ ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు పరీక్షించడం ఎట్లా? 1967లో ఫెరిస్ పిట్స్, జేమ్స్ మెక్‌క్లూర్ అనే అమెరికన్ వైద్యులు ఇందుకు దారి చూపారు. ఈ వ్యాధిని ఆందోళన వ్యాధులలో ఒకటిగా లెక్కిస్తారు. సోడియం లాక్టేట్ ద్రావణాన్ని సిరలోకి ఎక్కించగా 14 మంది రోగులలో 13 మందికి అటాక్ వచ్చింది. ఆరోగ్యవంతులు 10 మందిలో ఇద్దరికే వచ్చింది.

తరువాతి పరిశోధకులు ఈ పద్ధతిలో అటాక్ రప్పించి రక్తాన్ని పరీక్షించారు. విచిత్రమేమంటే, రోగి భయంతో విలవిలలాడుతున్నా కార్టిసాల్ సాధారణంగా పెరగలేదు! అట్లాగని వీరిలో ఆ వ్యవస్థ నిద్రపోతున్నదని భావించరాదు. కొత్త చోటికి, ఏమి జరుగుతుందో తెలియని పరీక్షకు వచ్చినప్పుడు, అటాక్ లేకుండానే కొందరు రోగులలో కార్టిసాల్ పెరుగుతుంది. అనగా ఎదురుచూపులోని దిగులు వేరు, అటాక్ వేరు. ఊపిరాడని ప్రమాదాన్ని పసిగట్టే మెదడులోని గంట అకారణంగా మ్రోగడమే అటాక్ అని 1993లో డోనాల్డ్ క్లైన్ ప్రతిపాదించాడు.

కనుక కార్టిసాల్ పరీక్షతో ఈ వ్యాధిని నిర్ణయించలేము. ఆ పరీక్షలో లోపం కనబడనంత మాత్రాన బాధ నటన కాదు. తరగతిలో ఒక విద్యార్థికి ఇట్లా జరిగితే పిరికివాడని మందలించక వైద్యునికి చూపించాలి. గుండె, థైరాయిడ్ దోషాలు లేవని తేలిన తరువాత, భయాన్ని ఎదుర్కొనడం నేర్పే మానసిక చికిత్సతో, అవసరమైతే మందులతో, చాలామందికి నయమవుతుంది.