నోటిఫికేషన్స్ అన్నీ ఆఫ్ చేయొద్దు.. ఈ సెట్టింగ్స్ మార్చండి చాలు

కొత్త ఫోన్ కొనేముందు మనం కెమెరా చూస్తాం, ప్రాసెసర్ చూస్తాం, చార్జింగ్‌కి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా లెక్కేస్తాం. కొన్నాక మాత్రం రోజుకి ఎన్నోసార్లు ఫోన్ చేతిలోకి తీసుకునేది టింగుమని మోగే నోటిఫికేషన్ కోసమే. తీరా చూస్తే "ఈరోజే లాస్ట్ డే", "మీ కార్ట్ ఎదురుచూస్తోంది" లాంటివే ఎక్కువ. విసుగొచ్చి చాలామంది ఫోన్‌ని డు నాట్ డిస్టర్బ్‌లో పడేసి వదిలేస్తున్నారు.

అది పరిష్కారం కాదని నేనంటాను. ఆ చెత్తలోనే మీ బ్యాంక్ అలర్ట్ కూడా ఉంటుంది. ఆఫీసులో నా పనిలో ఒక భాగం నోటిఫికేషన్స్ పంపే కోడ్ రాయడం. అవి ఎలా వస్తాయో, ఎక్కడ ఆపితే ఆగుతాయో అటువైపు నుంచి కూడా తెలుసు. ఓ ఆదివారం గంటసేపు కూర్చుంటే మీ ఫోన్, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ రెండూ సెట్ చేసేయొచ్చు. ఎలాగో చూద్దాం.

ఒక్క అలర్ట్ మిస్సయితే ఏమవుతుంది?

2017 జులైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల్లో ఒక ముఖ్యమైన పాయింట్ ఉంది. మీ తప్పు, బ్యాంక్ తప్పు రెండూ లేకుండా ఎవరో మీ ఖాతా నుంచి డబ్బు లాగేస్తే, బ్యాంక్ నుంచి ఆ లావాదేవీ సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే ఒక పరిమితి వరకు మీరే భరించాలి. ఆ తర్వాత అయితే బ్యాంక్ పాలసీ ఎలా ఉంటే అలా. ఓటీపీ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టమంతా మీదే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, లెక్క మొదలయ్యేది మెసేజ్ మీకు అందినప్పటి నుంచి. మీరు చదివారా లేదా అన్నది వేరే సంగతి. అంటే ఆఫర్ల కింద కూరుకుపోయి నాలుగు రోజులు కనబడని మెసేజ్‌కి నిజంగానే రూపాయల్లో విలువ ఉంది. సైబర్ మోసమైతే 1930కి ఎంత త్వరగా కాల్ చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

వెబ్‌సైట్ల గోల: ఒకసారి "అలో" నొక్కితే..

మొన్న జూన్‌లో ఊరెళ్లినప్పుడు నాన్న అడిగారు, "ఏరా, నా ఖాతాలో 436 రూపాయలు పోయాయి, ఎవరు తీశారు?" అని. అది ఆయన తీసుకున్న ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏటా మే నెలాఖరుకి ఖాతాలోంచి దానంతట అదే కట్ అవుతుంది. మెసేజ్ కూడా వచ్చింది. ఆయన చూడలేదంతే.

ఎందుకు చూడలేదో ఫోన్ తీసుకుంటే అర్థమైంది. నోటిఫికేషన్ ప్యానెల్ కిందికి లాగితే సినిమా గాసిప్ సైట్లు, జ్యోతిషం, జాబ్ అలర్ట్స్, "మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి" అనే ఎర్ర హెచ్చరికలు. వీటిలో ఒక్కటి కూడా యాప్ కాదు. అన్నీ క్రోమ్ నుంచి వస్తున్నాయి. ఏదో వార్త చదవబోతే అడ్డంగా వచ్చిన బాక్స్ పోవాలని "అలో" నొక్కుతూ పోయారు. అలా 41 సైట్లకి పర్మిషన్ ఇచ్చి ఉంది.

ఇది పనిచేసే పద్ధతి సింపుల్. మీరు "అలో" నొక్కగానే బ్రౌజర్ ఆ సైట్‌కి ఒక అడ్రస్ లాంటిది ఇస్తుంది. సైట్ ఎప్పుడు మెసేజ్ పంపాలన్నా ఆ అడ్రస్‌కి పంపుతుంది. గూగుల్ సర్వర్ల ద్వారా అది మీ ఫోన్‌లోని క్రోమ్‌కి చేరుతుంది. ట్యాబ్ క్లోజ్ చేసినా, మళ్లీ ఆ సైట్ మొహం చూడకపోయినా ఆగదు. క్రోమ్‌లో ఈ ఫీచర్ 2015 నుంచి ఉంది. ఐఫోన్‌లో మాత్రం 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచే, అదీ హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేసుకున్న సైట్లకే. మన నాన్నల ఆండ్రాయిడ్ ఫోన్లలోనే ఈ గోల ఎక్కువ ఉండడానికి కారణం ఇదే.

ఆపడం ఇలా:

1. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ ఓపెన్ చేయండి.
2. పర్మిషన్ ఉన్న సైట్ల లిస్ట్ కనిపిస్తుంది. అవసరం లేనివి ఒక్కొక్కటిగా బ్లాక్ చేయండి. మెయిల్, ఆఫీస్ క్యాలెండర్ లాంటివి ఉంటే ఉంచుకోండి.
3. పైన ఉన్న మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తే కొత్త సైట్లు అసలు అడగనే అడగవు. పెద్దవాళ్ల ఫోన్‌లో ఇది కచ్చితంగా ఆఫ్ చేయండి.

ల్యాప్‌టాప్‌లో అయితే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అడగడం పూర్తిగా ఆపేయొచ్చు, లేదంటే అడ్డం రాకుండా నిశ్శబ్దంగా అడిగేలా పెట్టుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ అయితే 2020 జనవరిలో వచ్చిన 72వ వెర్షన్ నుంచే, మీరు పేజీలో ఏదీ క్లిక్ చేయకముందు అడిగే బాక్సులను దాచేస్తోంది.

వైరస్ హెచ్చరిక సంగతి కూడా చెప్పాలి. అలాంటిది వస్తే నోటిఫికేషన్‌లోనే సైట్ అడ్రస్ చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. మీ ఫోన్‌ని స్కాన్ చేసి ఎన్ని వైరస్‌లున్నాయో చెప్పే శక్తి ఏ వెబ్‌సైట్‌కీ లేదు. నొక్కకుండా ఆ సైట్‌ని బ్లాక్ చేయడమే.

మన దగ్గర దీనిపై నిబంధన కూడా ఉంది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ని గుర్తిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. "వద్దు" అనే ఆప్షన్ ఇవ్వకుండా నోటిఫికేషన్స్ ఆన్ చేయమని పదేపదే అడగడం అందులో ఒకటి.

యాప్స్: మొత్తం కాదు, కేటగిరీ ఆపండి

2017లో ఆండ్రాయిడ్ 8తో నోటిఫికేషన్ ఛానెల్స్ వచ్చాయి. అంటే యాప్ పంపే నోటిఫికేషన్స్‌ని డెవలపర్లు రకాలుగా విడగొట్టాలి: డెలివరీ అప్‌డేట్స్, పేమెంట్స్, ఆఫర్స్ ఇలా. దేనికి సౌండ్ ఉండాలి, దేన్ని ఆపాలి అన్నది మీ ఇష్టం. మీరు ఒకసారి మార్చిన సెట్టింగ్‌ని యాప్ తనంతట తాను తిరగరాయలేదు.

వాడడం చాలా ఈజీ. చిరాకు తెప్పించే నోటిఫికేషన్ వచ్చినప్పుడు పక్కకి తోసేయకండి, దాని మీద కాసేపు నొక్కి పట్టుకోండి. అది ఏ కేటగిరీదో కనిపిస్తుంది. అక్కడే సైలెంట్ చేయొచ్చు, లేదా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ కేటగిరీ ఒక్కటే ఆఫ్ చేయొచ్చు. కొత్త వన్ యూఐ ఉన్న సామ్‌సంగ్ ఫోన్లలో ఈ కేటగిరీలు మామూలుగా కనిపించవు. సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్‌వారీగా కేటగిరీలు మేనేజ్ చేసే ఆప్షన్ ఆన్ చేసుకోవాలి.

ఒక ఇంజినీర్‌గా నాకు కోపం తెప్పించే విషయం ఇంకోటి ఉంది. నేను రోజూ వాడే ఒక డెలివరీ యాప్‌లో "ఆఫర్స్" కేటగిరీ ఆఫ్ చేశాను. అయినా ఆఫర్లు ఆగలేదు. చూస్తే అవి "ఆర్డర్ అప్‌డేట్స్" కేటగిరీలో వస్తున్నాయి. అది ఆపితే డెలివరీ బాయ్ గేటు దగ్గరున్నాడని తెలియదు. కోడ్‌లో ఆ ఛానెల్ పేరు మార్చడానికి ఒక లైన్ చాలు. ఎవరూ ఆపరని తెలిసే అందులో పెడతారు. ఇలాంటి యాప్‌కి నా మందు: సౌండ్ తీసేసి సైలెంట్‌లో పెట్టడం, ఆర్డర్ ఇచ్చిన అరగంట యాప్ ఓపెన్ చేసి చూసుకోవడం. యాప్ లోపలి సెట్టింగ్స్‌లో ప్రమోషన్స్ స్విచ్ ఉంటే అదీ ఆఫ్ చేయండి.

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసే యాప్ మీ అనుమతి అడగాలి. రెండుసార్లు వద్దంటే మళ్లీ అడగలేదు. అందుకే కొత్త యాప్ వేసినప్పుడు ముందు వద్దనండి. కావాలంటే తర్వాత సెట్టింగ్స్‌లో ఇచ్చుకోవచ్చు.

ఐఫోన్‌లో సిస్టమ్ స్థాయిలో ఈ ఛానెల్స్ లేవు. బదులుగా 2021లో ఐఓఎస్ 15తో షెడ్యూల్డ్ సమ్మరీ, ఫోకస్ వచ్చాయి. షాపింగ్, న్యూస్, సోషల్ యాప్స్‌ని సమ్మరీలో వేస్తే మీరు పెట్టిన టైమ్‌కి అన్నీ ఒకేసారి వస్తాయి. బ్యాంక్, మెసేజెస్ యాప్స్‌ని మాత్రం అందులో వేయకండి.

ఎస్ఎంఎస్: చివరి అక్షరం చూడండి

ఇప్పుడు కంపెనీల నుంచి వచ్చే ఎస్ఎంఎస్ పంపినవారి పేరు చివర హైఫన్ తర్వాత ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. పి అంటే ప్రమోషన్, ఎస్ అంటే సర్వీస్, టి అంటే ట్రాన్సాక్షన్, జి అంటే ప్రభుత్వం. 2025లో ట్రాయ్ మార్చిన నిబంధనల్లో ఇది ఉంది. ఇంట్లోవాళ్లకి ఇది ఒక్కటి నేర్పినా సగం గందరగోళం తగ్గుతుంది.

ప్రమోషన్లు అసలే వద్దనుకుంటే ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, 0 పెట్టి 1909కి పంపండి. బ్యాంక్ లావాదేవీల మెసేజ్‌లు దీనివల్ల ఆగవు.

రావాల్సినవి రాకపోతే?

దీనికి రివర్స్ సమస్య కూడా ఉంది. బ్యాటరీ ఆదా కోసం కొన్ని ఫోన్లు బ్యాక్‌గ్రౌండ్‌లో యాప్స్‌ని చంపేస్తాయి. దాంతో నోటిఫికేషన్ అరగంట లేటుగానో, యాప్ ఓపెన్ చేసినప్పుడో వస్తుంది. బ్యాంక్, ఆఫీస్ చాట్ లాంటి నాలుగైదు యాప్స్‌కి మాత్రం బ్యాటరీ సెట్టింగ్స్‌లో అన్‌రెస్ట్రిక్టెడ్ ఇవ్వండి. మీ ఫోన్‌లో ఆటోస్టార్ట్ అనే ఆప్షన్ ఉంటే అదీ ఆన్ చేయండి. అన్ని యాప్స్‌కీ ఇస్తే బ్యాటరీ సాయంత్రానికే అయిపోతుంది, జాగ్రత్త.

ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అనే ఫీచర్ కూడా ఉంది. ఆన్ చేసి పెట్టుకుంటే పొరపాటున తోసేసినవి 24 గంటల వరకు చూడొచ్చు.

రాత్రి నిద్ర, ఇంటి ఫోన్ రెండూ

డు నాట్ డిస్టర్బ్ వాడొద్దని కాదు, మినహాయింపులు పెట్టి వాడండి. అమ్మానాన్నల నంబర్లకి స్టార్ పెట్టి, స్టార్ ఉన్న కాంటాక్ట్స్ కాల్స్‌కి అనుమతి ఇవ్వండి. రిపీట్ కాలర్స్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో అదే వ్యక్తి 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే ఫోన్ మోగుతుంది. ఊళ్లో పక్కింటివాళ్లు అర్ధరాత్రి కొత్త నంబర్ నుంచి చేసినా మీకు తెలుస్తుంది.

సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ కింద ఉండే వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్‌ని మాత్రం ముట్టుకోకండి. 2023లో దేశమంతా టెస్ట్ చేసినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగడం గుర్తుండే ఉంటుంది. తుఫాన్లు వచ్చే మన కోస్తాలో ఆ శబ్దం భరించాల్సిందే.

అంతా అయ్యాక చిన్న టెస్ట్ చేయండి. ఇంట్లోవాళ్ల ఖాతా నుంచి మీకు కొంత డబ్బు పంపించి, వాళ్ల ఫోన్‌లో అలర్ట్ ఎంతసేపటికి వచ్చిందో, మోగిందో లేదో చూడండి. కొన్ని బ్యాంకులు చిన్న యూపీఐ మొత్తాలకి ఎస్ఎంఎస్ పంపడం లేదు, కాబట్టి బ్యాంక్ యాప్‌లోనూ, ఈమెయిల్‌లోనూ అలర్ట్స్ ఆన్ చేసి ఉన్నాయా అన్నది కూడా చెక్ చేయండి. నాన్న ఫోన్‌లో ఇప్పుడు రోజుకి ఐదారు నోటిఫికేషన్స్ కంటే రావట్లేదు. ఫోన్ మోగితే కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతున్నారు.