బడిలో నోరు విప్పని మన పిల్లలకు ఆటల జట్టు ఎందుకు కావాలి?

బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మనలో చాలామందికి వినిపించే మాట ఒకటుంది. "మీ అమ్మాయి చాలా నెమ్మదండీ. క్లాసులో ఉన్నట్టే తెలియదు." ఆ మాట విని సంతోషంగా ఇంటికొస్తాం. పిల్ల బుద్ధిగా ఉంటోందని నలుగురికీ చెప్పుకుంటాం. అదే పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మాటలు మొదలుపెడుతుంది. తమ్ముడితో పోట్లాట, అవ్వతో వాదన, అమ్మకు బడి కబుర్లు. రాత్రి నిద్రపోయేదాకా నోరు మూయదు. ఇంట్లో ఇన్ని మాటలున్న పిల్ల బడిలో ఉన్నట్టే తెలియకపోతే దాన్ని నెమ్మదితనం అనలేం. ఇంటికీ బడికీ మధ్య ఎక్కడో గొంతు ఆగిపోతోంది.

ఆ గొంతును మళ్లీ కదిలించే దారుల్లో మనం తక్కువగా పట్టించుకునేది బడి ఆటల జట్టు. జట్టులో చేరితే బిడియం ఎందుకు తగ్గుతుంది, ఎప్పుడు తగ్గదు, ఇంట్లో మనం ఏం చేయాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

బిడియం ఎక్కడి నుంచి వస్తుంది?

కొందరు పిల్లలు పుట్టుకతోనే తక్కువ మాట్లాడతారు. అది స్వభావం. దాన్ని జబ్బులా చూడనక్కర్లేదు, మార్చాలని వెంటపడనక్కర్లేదు. కానీ మన పిల్లల్లో చాలామందిది వేరే రకం మౌనం. హోసూరులో బడి భాష తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ. ఇంట్లో మాత్రం తెలుగు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం మాతృభాషలో చదువు గురించి చెప్పినా అది ప్రాథమిక స్థాయికే పరిమితం. అందుకే తెలుగు మాధ్యమంలో ఐదో తరగతి దాకా గలగలా మాట్లాడిన పిల్లవాడు ఆరో తరగతిలో రాష్ట్ర భాష బడికి వెళ్లగానే మూగవాడైపోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం.

వాడి బుర్రలో ఏం జరుగుతుందో ఆలోచించండి. టీచర్ ప్రశ్న అడుగుతారు. జవాబు తెలుసు, కానీ తెలుగులో తెలుసు. దాన్ని మనసులోనే అవతలి భాషలోకి మార్చుకోవాలి, ఏకవచనమా బహువచనమా చూసుకోవాలి, ఉచ్చారణ సరిచూసుకోవాలి. ఈలోపు ఇంకెవరిదో చెయ్యి లేస్తుంది. ఒకసారి ధైర్యం చేసి చెబితే యాసకు ఎవరో నవ్వుతారు. ఆ నవ్వు ఒక్కటి చాలు, ఆ ఏడాదంతా చెయ్యి లేవదు.

యానాంలో పరిస్థితి వేరు. అక్కడ ఊరంతా తెలుగే కాబట్టి చిన్నప్పుడు ఈ ఇబ్బంది రాదు. పై చదువుకు పుదుచ్చేరి వెళ్లినప్పుడు అదే మౌనం పద్దెనిమిదేళ్ల వయసులో ఎదురవుతుంది.

ఒక్క మాటతో మొదలయ్యే ఆట

ఇలాంటి పిల్లలకు ఖో ఖో ఎంత మంచి ఆటో దాని నియమాలు చూస్తే అర్థమవుతుంది. వెంటాడే జట్టులో తొమ్మిది మంది ఉంటారు. ఎనిమిది మంది మధ్య గీత మీద ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి అవతలి జట్టువాళ్లను తరుముతుంది. తాను అందుకోలేకపోతే కూర్చున్న వాళ్లలో ఒకరి వీపు వెనక నుంచి తట్టి, గట్టిగా "ఖో" అని, ఆ చోట తాను కూర్చోవాలి. వీపు తట్టి మాట మింగేస్తే ఫౌల్.

ఇందులో బిడియం ఉన్న పిల్లకు పనికొచ్చేవి రెండున్నాయి. మొదటిది, తన వంతు ఎప్పుడో తాను తేల్చుకోనక్కర్లేదు. తరగతిలో చెయ్యి ఎత్తడమే అన్నిటికన్నా కష్టం. ఇక్కడ మరొకరు వచ్చి వీపు తట్టి "నువ్వే, లే" అంటారు. లేవకపోతే ఆట ఆగిపోతుంది. లేచి పరిగెత్తాక సిగ్గుపడే తీరిక ఉండదు. రెండోది, తాను అనాల్సింది ఒక్క అక్షరమే. అందులో వ్యాకరణం లేదు, యాస లేదు. తమిళంలోనూ మరాఠీలోనూ ఒడియాలోనూ అది "ఖో"నే. కానీ ఆ ఒక్క అక్షరం గ్రౌండంతా వినపడాలి. చాలామంది పిల్లలు బడిలో మొదటిసారి గొంతెత్తేది అక్కడే. అందుకు ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరూ ఆ మాట కోసమే చూస్తుంటారు.

ఈ ఆటను చిన్నచూపు చూడనక్కర్లేదు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖో ఖో ప్రపంచ కప్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ విజేతలుగా నిలిచాయి.

కబడ్డీ, వాలీబాల్ నేర్పేది

మన చెడుగుడును తమిళులు సడుగుడు అంటారు, మహారాష్ట్రలో హుతుతు అనేవారు. పేరు ఏదైనా కూత తప్పదు. 30 సెకన్ల రెయిడ్‌లో ఒంటరిగా అవతలి కోర్టులోకి వెళ్లి, ఏడుగురి మధ్య "కబడ్డీ, కబడ్డీ" అని ఆపకుండా పలుకుతూ ఉండాలి. నలుగురి ముందు ఒంటరిగా నిలబడి గొంతు వినిపించడం అంటే ఇదే. వేదిక ఎక్కి మాట్లాడటానికి కావలసిన ఊపిరి, నిబ్బరం రెండూ ఇందులో అలవాటవుతాయి.

కబడ్డీలో ఇంకో మంచి నియమం ఉంది. ఔటైన మనిషి బయట కూర్చున్నా ఆట నుంచి పోయినట్టు కాదు. తన జట్టు అవతలివాళ్లను ఔట్ చేసిన కొద్దీ బయట ఉన్నవాళ్లు వరుసగా లోపలికి వస్తారు. తప్పు చేస్తే అంతా అయిపోయిందని భయపడే పిల్లవాడికి, తప్పు చేశాక కూడా నన్ను వెనక్కి తెచ్చుకునేవాళ్లు ఉన్నారని ఒంటికి తెలిసేలా చెప్పే నియమం ఇది.

వాలీబాల్‌లో చోట్లు మారుతూ ఉంటాయి. అవతలి జట్టు నుంచి సర్వీస్ చేతికి వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపుగా ఒక్కో చోటు జరుగుతారు. కాబట్టి ఎంత వెనక నిలబడాలనుకున్నా వంతు వచ్చినప్పుడు ముందుకు రావాలి, సర్వీస్ చేయాలి. వెనక బెంచీలో దాక్కున్నట్టు కోర్టులో దాక్కోవడం కుదరదు.

భాష కూడా గ్రౌండులో వేరే దారిలో వస్తుంది. మనం "పట్టు" అనేదాన్ని తమిళంలో "పిడి" అంటారు, కన్నడంలో "హిడి", మరాఠీలో "పకడ్", ఒడియాలో "ధర". పుస్తకంలో ఈ మాట నేర్వడానికి పాఠం కావాలి, పరీక్ష కావాలి. గ్రౌండులో ఒక్క సాయంత్రం చాలు. తప్పు పలికినా ఎవరూ మార్కులు వేయరు. బంతి అందిందా లేదా అన్నదే లెక్క.

నమ్మకం ఎలా పుడుతుంది?

"ధైర్యంగా ఉండు, భయపడకు" అని మనం ఎంత చెప్పినా ఎందుకు పనిచేయదు? ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఒక పని నేను చేయగలను అనే నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నారు. స్వయంగా చేసి సాధించిన అనుభవం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, తన ఒంట్లో కలిగే మార్పులను తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మనం ఇంట్లో ఇచ్చే సలహా మూడోది మాత్రమే.

ఆటల జట్టులో ఈ నాలుగూ ఒకేచోట దొరుకుతాయి. నిన్న అందని మనిషిని ఇవాళ అందుకోవడం సొంత అనుభవం. తనలాగే భయపడిన సీనియర్ అక్క ఇప్పుడు జట్టును నడిపించడం కళ్లముందు ఉన్న ఉదాహరణ. పాయింటు వచ్చినప్పుడు వీపు మీద పడే చేతులు ప్రోత్సాహం. ఇక నాలుగోది గమనించండి. తరగతిలో గుండె దడదడ కొట్టుకుంటే పిల్ల దాన్ని భయం అనుకుంటుంది. గ్రౌండులో రోజూ గుండె అలాగే కొట్టుకుంటుంది, అయినా ఆట సాగుతుంది. గుండె దడ వచ్చినా పని చేయవచ్చని ఒంటికి అలవాటవుతుంది.

గ్రౌండు నుంచి తరగతికి

ఒక విషయంలో మనల్ని మనం మోసం చేసుకోకూడదు. గ్రౌండులో వచ్చిన ధైర్యం దానంతటదే తరగతిలోకి నడిచి రాదు. ఆటలో పులిలా ఉండి క్లాసులో తలవంచుకునే పిల్లలు ఉంటారు. రెండింటి మధ్య ఎవరో ఒక మెట్టు వేయాలి. జట్టుకు స్కోరు రాసే పని, ప్రార్థన సమయంలో నిన్నటి మ్యాచ్ ఫలితం చదివే పని, చిన్న తరగతి పిల్లలకు నియమాలు చెప్పే పని ఆ పిల్లకు అప్పగించమని పీఈటీ సార్‌నో టీచరమ్మనో అడగవచ్చు. తనకు బాగా తెలిసిన విషయం, మూడు నాలుగు వాక్యాలు, వినేవాళ్లలో సగం మంది జట్టువాళ్లు. తరగతిలో మాట్లాడటానికి ఇంతకన్నా సులువైన మొదటి మెట్టు లేదు.

జట్టే గాయం చేసే సందర్భాలు

జట్టు ఎప్పుడూ మంచే చేస్తుందని చెప్పలేం. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరినీ ఎంచుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎప్పుడూ అదే పిల్ల. అందరి ముందు అలా మిగిలిపోవడం క్లాసులో నవ్వుల పాలవడం కన్నా తక్కువ బాధేం కాదు. చీట్లు వేసి జట్లు కడితే ఈ బాధ ఉండదు. యాసను బట్టి పెట్టే మారుపేర్లు, ఓడినప్పుడు ఒకరి మీదకే తోసే నింద, ఏడాదంతా బెంచీ మీద కూర్చోబెట్టడం కూడా అంతే. బిడ్డ హఠాత్తుగా ప్రాక్టీసుకు వెళ్లనంటే బద్ధకమని తిట్టకుండా ముందు కారణం అడగాలి.

ఆడపిల్లల విషయంలో మన ఇళ్లలోనే అడ్డు ఎక్కువ. ఆరు, ఏడు తరగతుల దాకా ఆడిన పిల్లను పెద్దమనిషి కాగానే మానిపిస్తాం. సరిగ్గా బిడియం పెరిగే వయసు అదే. నిక్కరుకు బదులు ట్రాక్ ప్యాంటు వేసుకోనివ్వమని అడగడం, అదే వీధి పిల్లలతో కలిసి ఇంటికి వచ్చేలా చూడటం, నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పిల్లకే వదిలేయడం. ఈ మూడు చేస్తే చాలా ఇళ్లలో సమస్య తీరుతుంది.

అన్నిటికీ ఆటే మందు అని కూడా అనడం లేదు. రోజూ బడి వేళకు కడుపునొప్పి, వాంతి రావడం, తెలిసినవాళ్లతో కూడా మాట మానేయడం వంటివి ఉంటే వైద్యుణ్ణి కలవాలి. అందరికీ పరుగు పందేలే నచ్చాలనీ లేదు. కొందరికి చదరంగం, కొందరికి డప్పు వాయించే బృందం ఆ పని చేస్తాయి.

ఇంట్లో మనం చేయగలిగినవి

బడి తెరిచిన మొదటి వారాల్లోనే పీఈటీని కలవండి. బడి పోటీలు సాధారణంగా 14, 17, 19 ఏళ్ల లోపు వర్గాలుగా జరుగుతాయి. పోటీలకు జట్లు ఖరారయ్యాక వెళితే బెంచీయే మిగులుతుంది. పోటీ జట్టులో చోటు లేకపోయినా రోజూ ప్రాక్టీసుకు రానిస్తారా అని అడగండి. మనకు కావలసింది పతకం కన్నా ఆ ప్రాక్టీసే. కనీసం ఒక టర్మ్ పాటు మానకుండా వెళ్లనివ్వండి. మొదటి రెండు వారాలు చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

సాయంత్రం ఇంటికొచ్చాక "గెలిచారా?" అని అడిగితే జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. "ఇవాళ ఎవరికి ఖో ఇచ్చావు?" అని అడగండి, కథ మొత్తం వస్తుంది. పదో తరగతి రాగానే ఆట మాన్పించే ముందు కూడా ఒకసారి ఆగండి. గంట ఆట వల్ల పోయే చదువెంత, ఆ గంట లేకపోతే మళ్లీ ముడుచుకుపోయే మనిషి ఎంత అన్నది లెక్క వేసుకోండి.

మన తెలుగు సంఘాలకూ ఒక మాట. ఉగాదికి, సంక్రాంతికి మ్యూజికల్ చైర్స్, చెంచాలో నిమ్మకాయ పందేలు పెడుతున్నాం. మంచిదే. ఒక ఖో ఖో మ్యాచ్ కూడా పెడదాం. కానీ తెలుగు పిల్లలతోనే జట్టు కట్టవద్దు. మనవాళ్ల మధ్య మన పిల్లలు ఎలాగూ మాట్లాడతారు. పక్క వీధి తమిళ, కన్నడ, మరాఠీ, ఒడియా పిల్లలతో కలిపి చీట్లు వేసి జట్లు కడదాం. నాగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు నాయకుడు. ఆ జట్టులో పంజాబీలు, గుజరాతీలు, మరాఠీలు ఉన్నారు. ఇంటి భాష తెలుగు కావడం ఆయనకు అడ్డు కాలేదు.

ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో "మీ అమ్మాయి చాలా నెమ్మది" అని ఎవరైనా అంటే సంతోషపడి లేచి రావద్దు. "గ్రౌండులో ఎలా ఉంటుందండీ?" అని అడుగుదాం. అసలు గ్రౌండుకే రాదని చెబితే, ఆ రోజే పీఈటీ సార్ గదికి వెళ్లి వద్దాం.