ఎండలో మొరాయించే పాత కారు

వేసవి మధ్యాహ్నము నిజామాబాదు నుండి ఆర్మూరు వరకు చక్కగా పరుగెత్తిన పాత అంబాసిడరు కారు, యజమాని పసుపు బేరము చూచుకొని వచ్చులోపల మొరాయించును. స్టార్టరు తిరుగును గాని ఇంజను అందుకొనదు. నడుచునపుడు లేని చిక్కు పావుగంట ఆగిన పిదప ఎట్లు వచ్చినది?

కారు నడుచునంతసేపు ఫాను గాలి, రేడియేటరు నీరు, కొత్తగా వచ్చు పెట్రోలు వేడిని తీసికొనిపోవుచుండును. ఇంజను ఆపగానే ఈ మూడును నిలిచిపోవును. కాగియున్న ఇనుము నుండి వేడి కార్బురేటరునకు, పెట్రోలు పంపునకు ప్రాకును. పెట్రోలు అనేక ద్రవముల మిశ్రమము. అందలి తేలిక భాగములు 40 డిగ్రీల సెంటీగ్రేడు దాపులనే మరుగ నారంభించును. మే నెలలో ఆర్మూరు గాలియే అంత వేడిగా నుండును! పంపులో ఆవిరి చేరినచో, నొక్కినపుడు అది కుంచించుకొనునే గాని ద్రవమును ముందుకు నెట్టదు. మెకానిక్కులు దీనిని వేపరు లాకు అందురు. పంపుపై తడిగుడ్డ వేయుట డ్రైవర్ల పాత చిట్కా. కూజాలో నీరు చల్లబడుటకు గల కారణమే ఇక్కడను పనిచేయును.

మరి, గాలి పెట్రోలు మిశ్రమము లోనికి పోవు గొట్టమును, పొగ వెడలు గొట్టమును ఇంజనుకు ఒకే ప్రక్కన చేర్చి అమర్చుట పొరపాటా? కాదు. అంబాసిడరుకు మూలము ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు. ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 15 గ్రాముల గాలి కావలెను. ఆ పెట్రోలంతయు ఆవిరియైనచో, గుప్తోష్ణము వలన మిశ్రమము దాదాపు 20 డిగ్రీలు చల్లబడును. చలిదేశములో ఇట్లు జరిగిన, గాలిలోని తేమ కార్బురేటరులో మంచుగా గడ్డకట్టగలదు. పెట్రోలు గొట్టపు గోడలకు అంటుకొని సిలిండర్లకు సమముగా అందదు. కనుక పొగగొట్టపు వేడిని కావలెననియే వాడుకొనిరి. అక్కడి శీతకాలమునకు మందైనది ఇక్కడి మే నెలలో బెడద యైనది.

ఇంకొక నష్టము కూడ కలదు. దీనిని విద్యార్థులే లెక్కించి చూడవచ్చును. 40 డిగ్రీల గాలి గొట్టములో 70 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. కెల్విను మానములో 313, 343. పీడనము మారనిచో సాంద్రత 313/343 వంతు, అనగా సుమారు 0.91 అగును. ప్రతి పీల్పునను నూటికి 9 వంతుల గాలి తగ్గును. శక్తియు దాదాపు అంతే తగ్గును.

2000 తరువాత పొగ నిబంధనలు బిగిసి, మన దేశపు కార్లలో కార్బురేటరు స్థానమును ఇంజెక్షను ఆక్రమించినది. ఇంజను వద్దనున్న పాత పంపు పెట్రోలును పీల్చును; పీల్చిన పీడనము తగ్గి మరుగుస్థానము దిగజారును. కొత్త పంపు ట్యాంకులోనే యుండి, సాధారణముగా వాతావరణ పీడనమునకు సుమారు మూడింతలతో నెట్టును. ప్రెషరు కుక్కరులో నీరు 100 డిగ్రీలకు మరుగనట్లే, ఈ పెట్రోలును త్వరగా మరుగదు. పెట్రోలు కవాటము దాపున సన్నని తుంపరలుగా పడుటచే, లోనికి పోవు గొట్టమును కాచవలసిన పనియు లేదు. అందుచేతనే నేటి కార్లలో అనేకము ఆ గొట్టమును ప్లాస్టిక్కుతో చేసినవే.