కథలోని మృగమునకు ఏ వన్నె?

లోకములో లేని మృగము నొకదానిని కల్పించి పిల్లలకు కథ చెప్పుట మన యిండ్లలో క్రొత్త కాదు. దానికి కొమ్ము లెన్ని, అది యేమి తినును, ఎచ్చట నిద్రించును అను ప్రశ్నలకు తల్లులును అమ్మమ్మలును తడువుకొనక బదులు చెప్పుదురు. "దాని రంగేమి?" అని బిడ్డ యడిగినప్పుడు మాత్రము నోటికి వచ్చినదేదో చెప్పి కథను ముందునకు నడపుట వాడుక. మంచి మృగమైనచో తెలుపు, చెడ్డదైనచో నలుపు. ఈ యలవాటును గూర్చియే మేమిచ్చట నాలుగు మాటలు వ్రాయదలచితిమి. పిల్లలచేత బొమ్మలు వేయించు తల్లులకును, పాతగుడ్డలతో బొమ్మలు కుట్టు సోదరీమణులకును పనికివచ్చు సంగతులు కొన్ని యిందు కలవు.

మొట్టమొదట ప్రకృతి తన చేత నెన్ని రంగులుంచుకొన్నదో చూతము. పాలిచ్చి పిల్లలను పెంచు జంతువుల వెండ్రుకలలో మెలనిన్ అను వర్ణద్రవ్యము రెండు విధములుగా నుండును. ఒకటి నలుపు, గోధుమ వన్నెల నిచ్చును; రెండవది పసుపు, ఎఱుపు చాయల నిచ్చును. ఈ రెంటి పాళ్లు మారుటచేతను, ఒక్కొక్కచోట రెండును లేకపోవుటచేతను మాత్రమే కర్రియావు, కపిలగోవు, తెల్లపిల్లి మున్నగు నిన్ని రకములైనవి. ఆకుపచ్చని వెండ్రుకను పుట్టించు ద్రవ్యము వీనిలో దేనికిని లేదు. దక్షిణ అమెరికా అడవులలో స్లాత్ అను మహామందమైన జంతువు పచ్చగా కనబడును గాని, ఆ పచ్చదనము దానిది కాదు. దాని వెండ్రుకలలో పెరుగు నాచుది. కావున మీ మృగము పచ్చగానే యుండవలెనని బిడ్డ పట్టుబట్టినచో కాదనవలదు. అది కదలక మెదలక యుండుటచే ఒంటిపై నాచు పెరిగినదని చెప్పుడు. రంగుతోపాటు దాని స్వభావమును దొరకును. ఇట్టి సమాధానమునకు పిల్లలు నవ్వినంతగా రాక్షసుల చేష్టలకు గూడ నవ్వరు.

తరువాత రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ మృగ మెచ్చట నుండును? దాని నెవరి కన్నులు చూచును? రెండవ ప్రశ్న మనకు తట్టదు. పులిని చూడుడు. పచ్చని పొదలలో నంత మండు వన్నెతో అది యెట్లు దాగునని మనకు వింతగా తోచును. మన కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు విధములు. లేడి, దుప్పి మొదలగువాని కంట రెండు విధములే. అవి పులి వన్నెను పచ్చగడ్డి వన్నెనుండి వేఱుచేసి చూడలేవు. పులి దాగవలసినది దుప్పికంటికే గాని మన కంటికి కాదు.

చాల జంతువులకు వీపు ముదురుగాను, కడుపు లేతగాను ఉండుటకు కారణమును వివరించినవాడు అబట్ థేయర్ అను అమెరికా చిత్రకారుడు. 1896వ సంవత్సరమున అతడు వ్రాసినదేమనగా: వెలుగు పైనుండి పడి వీపును తెల్లగా చూపును, నీడ కడుపును నల్లగా చూపును, జంతువు వన్నె దీనికి తలక్రిందులుగా నుండుటచే రెండును సరిపోయి, దాని గుండ్రదనము కంటికి అందక పోవును. వెలుగునీడలు దిద్దుట నేర్చిన చేతికే యిది తోచుటలో వింత లేదు. ఫ్లెమింగో పక్షుల గులాబివన్నె గూడ సంధ్యాకాశములో దాగుటకే యని అతడు తరువాత వాదింపగా పలువురు నవ్విరి. ఆ వన్నె వానికి తిండివలన వచ్చునది. అది యటుండనిండు. గుడ్డబొమ్మకు కడుపుక్రింద లేతగుడ్డ వేసి చూడుడు. వెంటనే అడవిజంతువు పోలిక వచ్చును.

ఇక తెలుపు నలుపుల సంగతి. భారతమున ఆదిపర్వములోని కద్రువ వినతల పందెము మనమందఱ మెఱిగినదే. పాలసముద్రమున పుట్టిన ఉచ్చైశ్శ్రవము నిలువెల్ల తెల్లనిదని వినత. తోకయందు నలుపు కలదని కద్రువ. ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలెను. కద్రువ తన సంతానమగు సర్పముల సాయమున తోకను నల్లగా తోపించి గెలిచెను. గరుత్మంతుడు అమృతము తెచ్చువఱకు వినత దాస్యము తీరలేదు. ఒక గుఱ్ఱపు వన్నెపై ఒక స్త్రీ బ్రదుకు నిలిచిన కథ యిది. విన్న పిల్లల మనస్సున నాటునదేమి? తెలుపు నిజము, నలుపు మోసము అని. మోసము చేసినది కద్రువయే గాని నలుపు కాదని విడమఱచి చెప్పువారు తక్కువ.

నిజమునకు మనము చూచు తెల్లగుఱ్ఱములలో పెక్కు పుట్టుకతో తెల్లనివి కావు. అవి నల్లగానో గోధుమవన్నెతోనో పుట్టి, ఏటేట నెఱసి, ఆఱేడేండ్లకు తెల్లబడును. ఆ తెల్లని వెండ్రుకల క్రింద చర్మము నల్లగానే యుండును. దీనికి కారణమైన జన్యుమార్పును శాస్త్రజ్ఞులు 2008వ సంవత్సరమున గుర్తించిరి. ఒళ్లు తెల్లబడుచుండగా తోకయు జూలును ఇంకను నల్లగా నుండు గుఱ్ఱములును కలవు. ఉచ్చైశ్శ్రవమును లాయమున కట్టి మేపినవాడెవడైన నుండినచో, అక్కచెల్లెండ్ర యిద్దఱి మాటయు కొంత కొంత నిజమేయని తీర్పు చెప్పి పందెమును మాన్పియుండునేమో! ధ్రువప్రాంతపు తెల్ల యెలుగుబంటికిని చర్మము నలుపే.

మేమీ విషయమున నింతగా నిలుచుటకు కారణమున్నది. కథ వినుచు మన యొడిలో పండుకొన్న బాలిక నల్లనిదై యుండవచ్చును. పుట్టిననాటినుండి, ఇంటికి వచ్చిన చుట్టములు "ముఖము కళగలదే గాని కొంచెము రంగు తక్కువ" అనుట ఆమె వినుచునే యుండును. నల్లనయ్యను పాటలతో నిద్రలేపు ఇండ్లలోనే యీ మాట వినబడును. పెండ్లిచూపుల నాటికి దానికొక వెలయు కట్టబడును. అట్టి బిడ్డకు రాత్రివేళ మనము చెప్పు కథలో నల్లమృగము మనుష్యులను తినునదియు, తెల్లమృగము వరము లిచ్చునదియు నైనచో, పగలు చుట్టములన్న మాటకు మనము సాక్ష్యము పలికినట్లే.

అడవిలో సాక్ష్యము వేఱు. కృష్ణజింకలలో ఆడువియు పిల్లలును లేత గోధుమవన్నె గలవి. మగది యెదిగినకొలది వీపు నల్లబడును. అచ్చట నలుపు ప్రౌఢత్వమునకు గుర్తు. నల్లచిఱుత వేఱు జాతి కాదు. ఒకే కాన్పులో పచ్చనిదియు నల్లనిదియు పుట్టవచ్చును. ఎండలో పరికించినచో ఆ నలుపులోనే మచ్చలు కానవచ్చును.

ఇప్పుడొక మృగమును కల్పింతము. అది నల్లమలలో వెదురుపొదల నడుమ నుండును, కుందేలంత, మునిమాపువేళ బయలుదేరి రాలిన ఇప్పపూలు తినును. పొదదూడ యందము. ఎండిన వెదురాకు వన్నె వీపు, లేత కడుపు. నిలువునీడలలో తిరుగునది గనుక చుక్కలకంటె చారలు మేలు. తోకపైనను చారలే యుండవలెను. ఒంటిపై చుక్కలున్న చిఱుత, చీతాల తోకచివర పట్టెలుండుట కలదు గాని, ఒళ్లెల్ల చారలుండి తోకపై చుక్కలు గల జంతువు ప్రకృతిలో కానరాదు. నుదుట చిన్న బొల్లిమచ్చ పెట్టవచ్చును. పిండదశలో వర్ణకణములు వెన్నునుండి బయలుదేరి ఒళ్లంతయు వ్యాపించును. దూరమగు నుదురు, పాదములు, తోకకొన వఱకు చేరలేకపోయినచో అచ్చట తెలుపు మిగులును. కావున వీపు నడుమ బొల్లిమచ్చ పెట్టి పాదములను నల్లగా విడుచుటకంటె నిదియే సహజము. పిల్లలు తల్లివలె నుండనక్కఱలేదు. అడవిపంది పిల్లలు చారలతో పుట్టి కొన్ని నెలలకు వానిని పోగొట్టుకొనును. పొదదూడ పిల్లలు చుక్కలతో పుట్టి, రెండవ వానకాలమునకు ఆ చుక్కలు సాగి చారలైనవనుడు.

మూడు రంగులకు మించవలదు. ప్రతి కాన్పునను ఒక నల్లపిల్ల పుట్టుననియు, చీకటిలో దానిని నక్క కన్ను పట్టలేదు గనుక మంద కంతకు అదియే ముందు నడచుననియు చెప్పుడు. దాని బొమ్మ కుట్టునప్పుడు నల్లగుడ్డపై చారలను నల్లని పట్టుదారముతోనే కుట్టవలెను. దూరమునకు కనబడక, దీపము దగ్గఱకు తెచ్చినప్పుడు మాత్రము మెఱయును.